మంచితనానికి ఏ ప్లస్

పదో తరగతి మెమో చేతికి రాగానే ఎవరి చూపైనా పై సగం మీదే పడుతుంది. లెక్కల్లో ఎంత, సైన్సులో ఎంత, మొత్తం ఎంత. కింద ఇంకో నాలుగు వరుసలు ఉంటాయని చాలామందికి తెలియదు. సహపాఠ్య అంశాలు అని వాటికి పేరు. కళలు, వ్యాయామం, పని-కంప్యూటర్ విద్యతో పాటు అక్కడ ఇంకొకటి ఉంటుంది: విలువల విద్య, జీవన నైపుణ్యాలు. దాని ఎదురుగా ఒక గ్రేడు. అంటే పదిహేనేళ్ల పిల్లకు ఎంత మంచితనం ఉందో ప్రభుత్వ పరీక్షల విభాగం తేల్చి, ముద్ర వేసి, చేతికిస్తోంది.

ఆ గ్రేడును ఎవరూ పట్టించుకోరు కాబట్టి నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ దాన్ని చూసి మన విద్యావేత్తలు, శిక్షణ శిబిరాల్లో ఉపన్యాసాలిచ్చేవాళ్లు తీసిన నీతి వేరు. గ్రేడు తేలిపోయింది నిజమే, అది కొలిచే పద్ధతి లోపం, మంచి పద్ధతి కనిపెడితే చదువునే కాదు, విలువలనూ కొలవవచ్చు, ఒకరితో ఒకరిని పోల్చవచ్చు, వెనకబడ్డవాళ్లను ముందుకు తేవచ్చు అంటున్నారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రగతి పత్రాన్ని 360 డిగ్రీల పత్రం చేయమంది. బుద్ధినే కాదు, మనసునూ అందులో చూపమంది. పిల్లలు తమను తాము అంచనా వేసుకోవాలి, తోటివాళ్లనూ అంచనా వేయాలి. ఆ తర్వాత జాతీయ స్థాయిలో పరఖ్ అనే సంస్థ పుట్టింది, హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డులు తయారు చేసింది. ఇప్పుడు ఏ సమావేశానికి వెళ్లినా ఇదే మాట. కాదన్నవాణ్ణి పాతకాలపు మార్కుల మనిషి కింద జమకడతారు.

నేను కాదంటున్నాను, మార్కుల మనిషిని కాకుండానే. చదువును కొలవవచ్చు, కొలిచి తీరాలి. విలువలను మాత్రం పిల్లల మధ్య పోల్చడానికి కొలవకూడదు. ఇంకా గట్టి పద్ధతి దొరికితే ఇంకా గట్టి అన్యాయం జరుగుతుంది.

నేను పాఠాలు చెప్పే బడి బహదూర్‌పురా మండలంలో ఉంది. జూపార్కు, మీరాలం చెరువు చూడటానికి వచ్చేవాళ్లకు ఈ ప్రాంతం ఒక బస్టాపు, ఒక ఫ్లైఓవరు. వెనక గల్లీల్లో ఉండే మా పిల్లలకు ఇంట్లో ఉర్దూ, పుస్తకంలో ఇంగ్లీషు, చట్టం ప్రకారం తప్పనిసరిగా తెలుగు. తండ్రులు ఆటో నడుపుతారు, వెల్డింగ్ షాపుల్లో చేస్తారు, మగ్గం మీద జరీ పని చేస్తారు. తల్లులు చాలామంది ఇంట్లోనే లక్క గాజుల మీద నగీనాలు అతికిస్తారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చిన సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, సాయంత్రానికి ఎన్ని జతలు ఇవ్వాలో మాత్రం అందరికీ తెలుసు.

ఏడాది చివర విలువల రిజిస్టరు నింపాలి. నిలువుగా పేర్లు, అడ్డంగా గడులు: సమయపాలన, బాధ్యత, నిజాయితీ, సహకారం. స్టాఫ్ రూములో ఇది ఎలా నిండుతుందో టీచర్లందరికీ తెలుసు. ఒక పూట కూర్చుని పై నుంచి కిందికి ఏ, ఏ, ఏ అని గీసుకుంటూ పోతారు. ఏడాదంతా తలనొప్పి తెచ్చిన నలుగురి దగ్గర మాత్రం పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది, బీ పడుతుంది. ఇది బద్ధకం అంటారు. సరే, బద్ధకం లేని టీచర్‌నే ఊహించుకుందాం. ఒక్కో పిల్ల గురించి నిజంగా ఆలోచించి రాసే టీచర్.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వారంలో రెండు మూడు రోజులు ప్రార్థన అయిపోయాకే వస్తుంది. గుమ్మం దగ్గర నిలబడితే అడిగాను. "అమ్మీకి ఆర్డర్ ఉండె టీచర్. ఛోటూని అంగన్‌వాడీలో వదిలి వచ్చిన." వాళ్లమ్మ తెల్లవారి నుంచి గాజుల ముందు కూర్చుంటే తమ్ముడికి మొహం కడిగి, తినిపించి, దింపి రావలసింది ఈ పిల్లే. ఇప్పుడు రిజిస్టరు తీయండి. సమయపాలన గడిలో ఏం రాయాలి? బీ అయినా ఎక్కువే. పక్క గడి బాధ్యత. అందులో? ఏ ప్లస్ కన్నా పైన గ్రేడు లేదు కాబట్టి ఏ ప్లస్. రెండు గడుల్లోనూ పడింది ఒకే పని. ఆ పిల్ల చేసింది ఒక్కటే: తమ్ముణ్ణి దింపి బడికి వచ్చింది. ఒక గడి దాన్ని తప్పంది, పక్క గడి మెచ్చుకుంది. సగటు తీస్తే ఏ వస్తుంది. ఆ ఏ లో ఆ పిల్ల ఎక్కడుంది?

విలువలు విడివిడిగా సీసాల్లో ఉండవు. ఒక మంచి ఇంకో మంచికి అడ్డొచ్చినప్పుడు ఏది వదులుకుని ఏది పట్టుకున్నాం అన్న దగ్గరే అవి బయటపడతాయి. ఇంట్లో పనిమనిషి, బయట స్కూలు వ్యాను ఉన్న పిల్లకు సమయపాలనకూ బాధ్యతకూ మధ్య గొడవే రాదు, రెండు గడుల్లోనూ ఏ ప్లస్ ఉచితం. బహదూర్‌పురా పిల్లకు ఆ గొడవ రోజూ పొద్దున ఏడున్నరకు వస్తుంది. విలువల కొలత పేరుతో మనం కొలుస్తున్నది ఇంటి సౌకర్యాన్ని.

పద్ధతిని మెరుగుపరిస్తే ఇవి పోతాయంటారు. పద్ధతులు కనిపెట్టినవాళ్లు లేకపోలేదు, వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లు, మనకన్నా ఓపికున్నవాళ్లు. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల నిజాయితీని తేల్చడానికి దిగారు. ప్రశ్నపత్రం ఇచ్చి "నీవు నిజాయితీగా ఉంటావా" అని అడగలేదు. మోసం చేయడానికి వీలున్న సందర్భాలు సృష్టించారు. తమ జవాబులు తామే దిద్దుకునే అవకాశం ఇచ్చారు, ఆటల్లో తమ స్కోరు తామే చెప్పమన్నారు, చిల్లర నాణేలు అందుబాటులో పెట్టి చూశారు. పది వేల మందికి పైగా పిల్లల మీద చేసిన ఈ పని 1928లో పుస్తకంగా వచ్చింది. తేలిందేమిటి? లెక్కల పరీక్షలో కాపీ కొట్టినవాడే డబ్బు ముట్టుకోవాలని లేదు, డబ్బు తీసినవాడే ఆటలో అబద్ధం చెప్పాలని లేదు. ఒక సందర్భంలో పిల్లాడి నడత చూసి మరో సందర్భంలో ఏం చేస్తాడో చెప్పడం దాదాపు కుదరలేదు. పిల్లలకు "నిజాయితీ" అనే ఒకే గుణం ఉండి, అది ఒకరిలో తొంభై పాళ్లు, ఇంకొకరిలో నలభై పాళ్లు ఉంటుందన్న నమ్మకాన్నే ఆ ఫలితాలు దెబ్బతీశాయి. ఆ తర్వాత దీని మీద చాలా వాదోపవాదాలు జరిగాయి. కానీ మన రిజిస్టరులోని నిజాయితీ గడికి మాత్రం ఆ వార్త ఇంకా చేరలేదు.

తర్వాత మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ వచ్చాడు. చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం కొనలేని మందును భర్త దొంగిలించవచ్చా అని అడిగి, పిల్లలు చెప్పే కారణాలను బట్టి వాళ్లను నైతికంగా మెట్ల మీద నిలబెట్టాడు. విలువలను పోల్చే పద్ధతుల్లో ఇంత పేరు పొందింది మరొకటి లేదు. మెట్లు కట్టడానికి అతను మొదట మాట్లాడింది మగపిల్లలతోనే. సూత్రాలు, హక్కులు, న్యాయం అని మాట్లాడేవాళ్లు పై మెట్టు మీద. "వాళ్ల సంసారం ఏమవుతుంది, మందుల షాపతనితో మాట్లాడి చూడొచ్చు కదా" అని మనుషుల మధ్య బంధాల సంగతి ఎత్తేవాళ్లు కింది మెట్టు మీద. ఆడపిల్లల మాటలు రెండో రకంలోకే ఎక్కువగా వెళ్తున్నాయని, లోపం ఆడపిల్లల్లో కాదు, మెట్లలోనే ఉందని పరిశోధకురాలు కారల్ గిలిగన్ 1982లో పుస్తకం రాసి నిలదీసింది. ఆమె అన్నదంతా తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రశ్న నిలబడే ఉంది: మెట్లు ఎవరిని చూసి కట్టారు? ఢిల్లీలో తయారయ్యే మన ప్రగతి పత్రం మెట్లు తమ్ముణ్ణి చంకనేసుకున్న పిల్లను చూసి కట్టినవా?

ఇక మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్. ఇప్పుడు ప్రపంచమంతటా విలువల సర్వేలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆయన బాటలోనే నడుస్తారు. భద్రత, సంప్రదాయం, స్వేచ్ఛ, దయ, అధికారం వంటి పది విలువలు పెట్టి ఏది మీకు ఎంత ముఖ్యమో చెప్పమంటాడు. జవాబులు వచ్చాక ఆయన చేసే మొదటి పని, ఒక్కో మనిషి జవాబులను ఆ మనిషి సొంత సగటుతోనే సరిచేయడం. ఎందుకంటే కొందరు దేన్నడిగినా "చాలా ముఖ్యం" అంటారు, కొందరు దేనికీ అంత తొందరగా ఒప్పుకోరు. అందువల్ల ఒక మనిషిలోనే ఏ విలువ ఏ విలువకన్నా ముందుందో తెలుసుకోవడమే దానికి అర్థం. "ఇతనికి విలువలు ఎక్కువ, అతనికి తక్కువ" అనే వాక్యం ఆ శాస్త్రంలో పుట్టదు. మెమో మీద మనం రాస్తున్నది సరిగ్గా ఆ వాక్యమే. కొలిచే విద్యలో జీవితాలు అరగదీసుకున్నవాళ్లు చేయనిదాన్ని మనం మార్చి నెలలో ఒక పూటలో చేస్తున్నాం.

విలువల సంగతి పక్కన పెట్టినా, పిల్లలను దగ్గరగా చూడటానికని తెచ్చిన ఒక పద్ధతిని పోటీ ఎలా మింగేసిందో మన కళ్ల ముందే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పదో తరగతికి గ్రేడ్లు తెచ్చారు, ర్యాంకుల జబ్బు తగ్గాలని. మరుసటి వేసవికల్లా గోడల మీద, బస్సుల వెనక, ఫ్లెక్సీల మీద "10/10" పిల్లల ఫొటోలు. తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. 80 మార్కులు రాత పరీక్షకు, 20 బడికి. ఆ 20లో పిల్లల ప్రతిస్పందనకు 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. ఆలోచన చెడ్డదేమీ కాదు. ప్రతిస్పందన అంటే చదివినదాని మీద పిల్ల తన మాటల్లో ఏమందో టీచర్ వినడం. కానీ ఆ అయిదు మార్కులు చివరకు గ్రేడులో, గ్రేడు ఫ్లెక్సీలో కలుస్తాయని తెలిసిన రోజునే వినడం ఆగిపోయింది. ప్రాజెక్టులు స్టేషనరీ షాపుల్లో తయారుగా దొరకడం మొదలైంది. థర్మకోల్ అట్ట, రంగు కాగితం, మధ్యలో గూగుల్ నుంచి తీసిన పేరా, పేరు రాసుకోవడానికి ఖాళీ గీత. ఖాళీ గీత వరకే పిల్లల పని.

కోవిడ్ దీన్ని బట్టబయలు చేసింది. 2020లో, 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయి, బడి వేసిన మార్కుల మీదే గ్రేడ్లు ఇచ్చారు. మామూలు ఏడాదుల్లో పదికి పది తెచ్చుకునేవాళ్లు పది వేలకు అటూ ఇటూ. 2020లో అది లక్షా నలభై వేలు దాటింది, 2021లో రెండు లక్షల పది వేలు దాటింది. అది చూసి టీచర్లంతా దొంగలనే మాట బయల్దేరింది. చివరకు 2024 నవంబరు 28న బడి వేసే ఆ 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి నూరు మార్కుల రాత పరీక్షే అని ప్రభుత్వం చెప్పింది. ఏడాది మధ్యలో ఇదేమిటని గోల రాగానే మరునాడే దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసింది. వచ్చే ఏడాది వచ్చాక, 2025లో, మళ్లీ 80-20 కొనసాగిస్తామంది.

ఇంటర్నల్ ఎత్తేయమన్నవాళ్లకూ ఉంచమన్నవాళ్లకూ ఒక విషయం పట్టలేదు. ఆ 20 మార్కులు అబద్ధమాడింది బడిలో వేసినందుకు కాదు, పిల్లను పక్క పిల్లతో పోల్చడానికి వాడినందుకు. రాత పరీక్షకు మారినంత మాత్రాన నిజం రాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి ఇంగ్లీషులో కిరణజన్య సంయోగక్రియ రాయాల్సిన పిల్లకు సున్నా వస్తే అది సైన్సు సున్నానా, ఇంగ్లీషు సున్నానా? మూడు గంటల పేపరు ఆ తేడా చెప్పలేదు. దగ్గర కూర్చుని "ఆకు ఎండలో ఏం చేస్తది, ఉర్దూలోనే చెప్పు" అని అడిగిన టీచర్‌కు అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇంటర్నల్ అసలు ఉండాల్సింది దానికే.

చదువును కొలవడం వేరు అనడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఎక్కడో ఫిన్లాండ్‌ది కాదు, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం 1980లలో మొదలుపెట్టి, చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటి టీచర్ బడుల కోసం ఒక నిచ్చెన కట్టింది. తెలుగైనా లెక్కలైనా చిన్న చిన్న మైలురాళ్లుగా విడగొట్టారు. ప్రతి మైలురాయిలో కొత్త పాఠం కార్డు, అభ్యాసం కార్డు, ఆ తర్వాత మూల్యాంకనం కార్డు. అది వస్తే అదనపు పని వైపు వెళ్తావు, రాకపోతే దిద్దుబాటు కార్డులు తీసుకుంటావు, మళ్లీ ప్రయత్నిస్తావు. గోడ మీది నిచ్చెనలో తాను ఎక్కడుందో పిల్ల తానే చూసుకుంటుంది. నిన్న జబ్బుపడి రాకపోతే ఎక్కడ ఆగిందో అక్కడే మొదలుపెడుతుంది. ఇదంతా కొలతే, రోజూ జరిగే కొలత. ఆ కొలతలోంచి వచ్చేది ర్యాంకు కాదు, రేపు తీయవలసిన కార్డు. ఇది చూసివెళ్లిన కర్ణాటక టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటేలో నలి-కలి అనే పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే దారి పట్టాయి. మన మట్టిలో పుట్టినదాన్ని పక్క రాష్ట్రాలు గుర్తుపట్టినంతగా మనం గుర్తుపట్టలేదనే కోపం నాకు లేకపోలేదు.

అంత దూరం వెళ్లక్కర్లేదు. మా పిల్లల్లో కొందరు బడికి ముందో తర్వాతో మదర్సాకు వెళ్తారు. ఖురాన్ కంఠస్థం చేసే పిల్ల ఉస్తాద్ ముందు కూర్చుని ఆ రోజు కొత్త పాఠం, అంటే సబఖ్, వినిపించాలి, పాత పాఠం, అంటే ఆమూఖ్తా, వినిపించాలి. తప్పు దొర్లితే ముందుకు పంపరు. పక్కన కూర్చున్నవాడు ఏ పేజీలో ఉన్నాడన్నది తనకు పట్టదు. మన వీధిబడుల్లో పెద్దబాలశిక్ష పట్టుకుని పంతులుకు అప్పజెప్పిందీ ఇలాగే. అక్కడ కొలిచేది జ్ఞాపకాన్నే, అర్థాన్ని కాదు, దెబ్బల సంగతి వేరే చెప్పాలి. నేను దాన్ని ఆకాశానికి ఎత్తడం లేదు. కానీ ఒక పిల్లను తన నిన్నటితో పోల్చి రేపటి పాఠం నిర్ణయించడం మా పాతబస్తీకి ఎవరో వచ్చి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

చదవడం, కూడటం, తీసివేయడం ఇలా కొలవవచ్చు, ఎందుకంటే తర్వాతి మెట్టు ఏమిటో తెలుసు. అక్షరం వస్తే పదం, పదం వస్తే వాక్యం. తెలంగాణలో 2022లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా సరిగ్గా చేస్తే ఇదే పని చేస్తుంది. నిజాయితీకి తర్వాతి మెట్టు ఏది? అబద్ధం చెప్పని పిల్లకు రేపు ఏ కార్డు ఇవ్వాలి? దయ బీ వచ్చిన పిల్లాడికి దిద్దుబాటు తరగతి ఏ పీరియడ్‌లో పెట్టాలి? జవాబు లేని చోట కొలత వల్ల మిగిలేది పోలిక ఒక్కటే.

నాకు ఎదురయ్యే వాదాల్లో ఒక్కదానికే బలం ఉంది. కొలవనిదాన్ని ఎవరూ పట్టించుకోరు, మార్కు లేకపోతే టీచర్లు విలువల ఊసే ఎత్తరు, అప్పుడు నష్టపోయేది పేద పిల్లలే అని. మొదటి సగం నిజం. కానీ విలువలకు గ్రేడు పెట్టి పదేళ్లు దాటింది. ఎవరు ఊసెత్తారు? పదో తరగతి పాసైన ఎవరినైనా ఆపి విలువల విద్యలో నీ గ్రేడెంత అని అడగండి. గ్రేడు ఉండి కూడా ఊసు లేదంటే రోగం ఇంకెక్కడో ఉంది. పైగా గ్రేడుకు నిజంగా బరువు ఇచ్చారనుకోండి, మార్కులతో సమానంగా, సీటుకు లెక్కలోకి వచ్చేట్టు. మరుసటి నెల అదే స్టేషనరీ షాపులో సేవా కార్యక్రమం ఫొటోలు, వృద్ధాశ్రమంలో పళ్లు పంచినట్టు ఆల్బములు అమ్ముతారు. పళ్లు పంచడానికి డబ్బున్న బడుల పిల్లలకు దయ ఏ ప్లస్. ఇంట్లో నానమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచం దగ్గర ఉన్న పిల్ల దగ్గర ఫొటో ఉండదు.

తోటి పిల్లల చేత మూల్యాంకనం చేయించడం ఇంకా ప్రమాదం. నలభై మంది ఉన్న తరగతిలో పన్నెండేళ్లవాళ్ల చేతికి కాగితాలిచ్చి పక్కవాడి నిజాయితీకి గుర్తు పెట్టమంటే, నిన్న క్రికెట్‌లో ఔట్ అయ్యాడా లేదా అన్న గొడవ ఇవాళ ప్రభుత్వ రికార్డవుతుంది. మతం, గల్లీ, భాష, తండ్రి వృత్తి, ఇవన్నీ పిల్లలకు తెలుసు. మా దగ్గర అవి పిల్లలు ఆడుకుంటూ మరిచిపోయే విషయాలు. కాగితం ఇస్తే గుర్తు చేసినట్టవుతుంది.

మెమో మీద ఆ వరుస తీసేయాలి. టీచర్ తాను గమనించినది తల్లికో తండ్రికో ఎదురుగా, వాళ్ల భాషలో చెప్పాలి: మీ అమ్మాయి పొద్దున ఆలస్యంగా వస్తోంది, ఎందుకో నాకు తెలుసు, మొదటి పీరియడ్ లెక్కలు పోతున్నాయి, మధ్యాహ్నం ఒక అరగంట నా దగ్గర కూర్చోబెడతాను అని. ఈ మాటకు గడి అక్కర్లేదు. మరి తనిఖీకి వచ్చిన అధికారికి ఏం చూపిస్తారని అడిగితే, పిల్లను పిలిచి పుస్తకం చేతికిచ్చి చదివించుకోమనండి, ఉర్దూలో అర్థం చెప్పించుకోమనండి. విలువలు చూడాలనుంటే వెనక బెంచీలో ఒక పూట కూర్చోమనండి. సంతకం పెట్టించుకోవడానికి రిజిస్టరు కావాలంటే హాజరు పట్టీ ఉంది, అందులో ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్ల పక్కన కారణం కూడా రాసి పెట్టాను.